శాలరీ డంప్ (ఎన్.బి.ఏ.)

శాలరీ డంప్ అనగా ఒక వృత్తి క్రీడాజట్టు తన వేతనాల భారాన్ని తగ్గించుకొనే ఉద్దేశంతో, ఆటకు మించిన జీతం పొందుతున్న క్రీడాకారుణ్ణి మరొక జట్టుకు బదలాయించడం. తెలుగులో దీనిని వేతనభార మార్పిడి అనవచ్చు. సాధారణమైన మార్పిడిలో రెండు జట్లూ తమకు కావలసిన ఆటగాళ్ళ కోసం బేరమాడతాయి. ఇందులో మాత్రం ఒక జట్టు ఆటగాణ్ణి ఇచ్చి, ప్రతిగా దాదాపు ఏమీ పుచ్చుకోదు. చాలా సందర్భాలలో అతనితోపాటు కొంత నగదునో, రాబోయే సంవత్సరాలలో కొత్త ఆటగాళ్ళను ఎంచుకొనే హక్కునో కలిపి పంపుతుంది. ఎదురు డబ్బిచ్చి వస్తువును వదిలించుకోవడం వంటిదన్నమాట.

ఈ పద్ధతి అమెరికా, కెనడా దేశాలలో 30 జట్లతో నడిచే నేషనల్ బాస్కెట్‌బాల్ అసోసియేషన్ (ఎన్.బి.ఏ.)లో విశేషంగా కనిపిస్తుంది. ఆ లీగు ఆర్థిక నియమాలు ఎంత చిక్కుగా ఉంటాయంటే, కొన్ని మార్పిడులు ఆట తెలిసినవారికి అర్థం కావు గాని లెక్కలు తెలిసినవారికి వెంటనే అర్థమవుతాయి.

నేపథ్యం

ఎన్.బి.ఏ.లో ఆటగాళ్ళతో కుదుర్చుకొనే ఒప్పందాలలో అధికభాగం హామీ ఒప్పందాలు. ఐదేళ్ళకు 6 కోట్ల డాలర్లు ఇస్తామని జట్టు సంతకం చేసిందంటే, ఆటగాడు గాయపడినా, ఆట మందగించినా, బెంచీకే పరిమితమైనా ఆ సొమ్ము ఇచ్చి తీరవలసిందే. జట్టు నుండి తొలగించినంత మాత్రాన బాకీ తీరదు. లీగు లెక్కలలో కూడా అతని జీతం ఆ జట్టు పేరునే నిలుస్తుంది. మన దేశంలోని ఐ.పి.ఎల్.లో పరిస్థితి వేరు. అక్కడ ఫ్రాంచైజీ తనకు అక్కరలేని ఆటగాణ్ణి తరువాతి వేలానికి ముందు విడుదల చేస్తే, అతనికి కేటాయించిన మొత్తం తిరిగి వేలం ఖాతాలో చేరుతుంది. ఎన్.బి.ఏ.లో ఇటువంటి వెసులుబాటు లేదు గనుక, గుదిబండగా మారిన ఒప్పందాన్ని మోయడానికి సిద్ధపడే మరొక జట్టును వెదకడమే మిగిలిన మార్గం. మార్పిడి జరిగినపుడు ఒప్పందం ఆటగాడి వెంటే వెళుతుంది. మిగిలిన సంవత్సరాల జీతం కొత్త జట్టే చెల్లించాలి.

వేతన పరిమితి, లగ్జరీ టాక్స్

1983లో యాజమాన్యాలకు, ఆటగాళ్ళ సంఘానికి మధ్య కుదిరిన ఒడంబడిక ననుసరించి 1984-85 సీజను నుండి జట్ల మొత్తం వేతనాలపై పరిమితి అమలులోకి వచ్చింది. దీనిని శాలరీ క్యాప్ అంటారు. మొదటి ఏడాది ఈ పరిమితి 36 లక్షల డాలర్లు. ఇది 2005-06లో 4.95 కోట్లకు, 2016-17లో 9.41 కోట్లకు, 2025-26లో 15.46 కోట్ల డాలర్లకు పెరిగింది.

అయితే ఇది మెత్తని పరిమితి. అంటే కొన్ని మినహాయింపులతో దీనిని దాటవచ్చు. వాటిలో ముఖ్యమైనది, జట్టు తన సొంత ఆటగాణ్ణి నిలబెట్టుకోవడానికి ఎంతైనా దాటవచ్చుననే నిబంధన. బోస్టన్ సెల్టిక్స్ ఆటగాడు లారీ బర్డ్ పేరుమీద దీనిని బర్డ్ మినహాయింపు అంటారు. ధనికులైన యజమానులు ఈ దారిన పరిమితిని ఎన్నో రెట్లు దాటిపోకుండా ఉండేందుకు 1999 నాటి ఒడంబడికలో లగ్జరీ టాక్స్ అనే పన్నును ప్రవేశపెట్టారు. ఆ ఒడంబడిక కుదరక ముందు యజమానులు లాకౌట్ ప్రకటించినందువల్ల 1998-99 సీజను 50 ఆటలకు కుదించుకుపోయింది. పన్నును మొదటిసారి 2002-03 సీజనుకు వసూలు చేశారు.

పన్ను గీత వేతన పరిమితికన్నా ఎగువన ఉంటుంది. మొదట్లో ఆ గీత దాటిన ప్రతి డాలరుకూ ఒక డాలరు పన్ను కట్టవలసి ఉండేది. ఇలా వచ్చిన సొమ్ములో వాటా గీత దాటని జట్లకు సమానంగా పంచుతారు. ఈ రెండు నియమాలను కలిపి చూస్తే శాలరీ డంప్ వెనుకనున్న తర్కం బోధపడుతుంది. ఉదాహరణకు పన్ను గీత 7 కోట్ల డాలర్లు, ఒక జట్టు మొత్తం వేతనాలు 7.5 కోట్ల డాలర్లు అనుకొందాం. ఆ జట్టు 50 లక్షలు పన్ను కట్టాలి. ఏడాదికి 80 లక్షలు పుచ్చుకొనే ఒక ఆటగాణ్ణి ఏమీ పుచ్చుకోకుండా పంపివేస్తే అతని జీతం 80 లక్షలు, పన్ను 50 లక్షలు, వెరసి 1.3 కోట్ల డాలర్లు మిగులుతాయి. పైగా పన్ను కట్టని జట్లకు వచ్చే వాటా కూడా దక్కుతుంది. అంటే ఆ ఆటగాడు జట్టులో ఉన్నందుకు యజమాని నిజంగా పెడుతున్న ఖర్చు, అతని చేతికి అందే జీతంకన్నా చాలా ఎక్కువ.

ఇందులో ఇంకొక కిటుకు కలదు. పన్నును రెగ్యులర్ సీజను చివరి రోజున జట్టు లెక్కలు ఎలా ఉన్నాయో చూసి విధిస్తారు. కాబట్టి సీజను సగంపైగా గడిచిన తరువాత ఫిబ్రవరిలో ఆటగాణ్ణి పంపివేసినా జీతంలో కొంతభాగమే మిగులుతుంది గాని, పన్ను మాత్రం పూర్తిగా తప్పుతుంది. ఏటా ఫిబ్రవరిలో మార్పిడుల గడువు ముగిసే ముందు చిన్న చిన్న బదిలీలు కుప్పలుగా జరగడానికి ఇది ఒక ముఖ్య కారణం.

2013-14 నుండి పన్ను శ్లాబులవారీగా మారింది. దాటిన మొదటి 50 లక్షలపై డాలరుకు ఒకటిన్నర డాలరుతో మొదలై పైకి పోయేకొద్దీ రేటు పెరిగేది. వరుసగా గీత దాటే జట్లకు అదనపు రేటు ఉంటుంది.

సరిసమాన వేతనాల నియమం

వదిలించుకోవాలనుకొన్న జట్టు ఎవరికి పడితే వారికి ఆటగాణ్ణి అంటగట్టలేదు. వేతన పరిమితిని మించిన జట్టు, తాను పంపే జీతాలకు దరిదాపుల్లో ఉన్న జీతాలనే తిరిగి తీసుకోవాలి. 2005 నాటి ఒడంబడికలో ఈ హద్దు పంపినదానికి 125 శాతం, దానికి అదనంగా లక్ష డాలర్లు. తరువాతి ఒడంబడికలలో ఈ శాతాలు మారుతూ వచ్చాయి. గంతకు తగ్గ బొంత దొరకాలన్నమాట. పరిమితికి దిగువన, ఖాళీ ఉన్న జట్టు మాత్రం ఏమీ పంపకుండానే ఆటగాణ్ణి స్వీకరించవచ్చు. అందువలన ఖాళీ స్థలమే ఒక సరుకుగా మారింది.

ఈ నియమం విచిత్రమైన బేరాలకు దారితీసింది. 2008 ఫిబ్రవరిలో డల్లాస్ మావరిక్స్ జట్టు న్యూజెర్సీ నెట్స్ నుండి జేసన్ కిడ్‌ను తెచ్చుకొనేటపుడు జీతాల లెక్క సరిపోలేదు. అప్పుడు 2006 తరువాత ఆటే ఆడని కీత్ వాన్ హార్న్‌కు సుమారు 43 లక్షల డాలర్ల ఒప్పందం రాసి, ఆ మార్పిడిలో చేర్చి పంపారు. అతడు నెట్స్ తరఫున ఒక్క ఆట కూడా ఆడలేదు. లెక్క సరిచేయడమే అతని పాత్ర.

ముగింపుకు వచ్చిన ఒప్పందాలకు విలువ రావడం కూడా ఈ నియమం ఫలితమే. ఒక జట్టు మూడేళ్ళ ఒప్పందం మిగిలిన ఆటగాణ్ణి ఇచ్చి, అంతే జీతమున్నప్పటికీ ఆ వేసవితో ఒప్పందం ముగిసే ఆటగాణ్ణి తీసుకొంటుంది. వచ్చినవాడు ఆడినా ఆడకపోయినా ఒకటే. కొద్ది నెలలలో అతని జీతం పుస్తకాలనుండి తొలగిపోతుంది. 2009 వేసవిలో క్వెంటిన్ రిచర్డ్‌సన్ ఇటువంటి ఒప్పందం మూలంగానే న్యూయార్క్ నుండి మెంఫిస్‌కు, అక్కడినుండి లాస్ ఏంజెలెస్ క్లిప్పర్స్‌కు, ఆపై మిన్నెసోటాకు, చివరకు మయామీకి ఒక్క ఆటా ఆడకుండానే నాలుగుసార్లు చేతులు మారాడు.

అధిక వేతనం అంటే

"అధిక వేతనం" అన్నది ఆటగాడి ప్రతిభపై తీర్పు కాదు. ఒప్పందం రాసిననాటి అంచనాకు, తరువాతి ఆటకు మధ్య ఏర్పడిన వ్యత్యాసం. మోకాలి గాయాలు, వయసు పైబడటం, ఒకే ఒక్క మంచి సీజనును చూసి యజమానులు పోటీపడటం దీనికి మామూలు కారణాలు. ఒక్కొక్కసారి లీగు ఆదాయమే కారణమవుతుంది. 2016-17లో కొత్త టెలివిజన్ ఒప్పందం వల్ల వేతన పరిమితి 7 కోట్ల నుండి ఒక్కసారిగా 9.41 కోట్ల డాలర్లకు ఎగబాకింది. ఆ వేసవిలో జట్లన్నిటి చేతిలోనూ డబ్బుంది, తగినంతమంది మేటి ఆటగాళ్ళు మాత్రం లేరు. లాస్ ఏంజెలెస్ లేకర్స్ అప్పుడు టిమోఫీ మోజ్‌గోవ్‌కు నాలుగేళ్ళకు 6.4 కోట్లు, లువాల్ డెంగ్‌కు నాలుగేళ్ళకు 7.2 కోట్ల డాలర్లు రాసిచ్చింది. ఏడాది తిరగకుండానే రెండూ భారమయ్యాయి.

అంతకుముందరి తరంలో ఇటువంటి ఒప్పందాలకు మారుపేరుగా నిలిచినవాడు న్యూయార్క్ నిక్స్‌కు చెందిన అలన్ హ్యూస్టన్. 2001లో అతనికి ఆరేళ్ళకు 10 కోట్ల డాలర్ల ఒప్పందం దక్కింది, తరువాత మోకాళ్ళు సహకరించలేదు. 2005 ఒడంబడికలో, ప్రతి జట్టూ ఒక ఆటగాణ్ణి విడుదల చేసి అతనిపై లగ్జరీ టాక్స్ తప్పించుకొనే అవకాశం ఒకసారికి మాత్రం కల్పించారు. దానికి అందరూ "అలన్ హ్యూస్టన్ నియమం" అని పేరు పెట్టారు. విశేషమేమిటంటే, నిక్స్ ఆ అవకాశాన్ని హ్యూస్టన్‌పై కాక జెరోమ్ విలియమ్స్‌పై ఉపయోగించుకొంది.

ఫీనిక్స్ సన్స్ ఉదంతం

శాలరీ డంప్ వల్ల కలిగే మేలునూ కీడునూ ఒకే జట్టు చరిత్రలో చూడాలంటే 2004 నుండి 2008 వరకు ఫీనిక్స్ సన్స్ నడిచిన తీరును గమనించాలి.

2004 జనవరిలో సన్స్ జట్టు స్టీఫన్ మార్బరీని, పెన్నీ హార్డవేను న్యూయార్క్ నిక్స్‌కు పంపింది. ఇద్దరివీ పెద్ద ఒప్పందాలు. బదులుగా వచ్చినవారిలో ముఖ్యుడు ఆంటోనియో మెక్‌డైస్. అతని ఒప్పందం ఆ వేసవితో ముగిసేది. న్యూయార్క్ మొదటి రౌండు ఎంపిక హక్కులు కూడా వచ్చాయి. మరుసటి నెలలో టామ్ గుగ్లియోటా ఒప్పందాన్ని యూటా జాజ్‌కు వదిలించుకొంటూ ఆ హక్కులలో ఒకదానిని దానికి జోడించారు. (ఆ హక్కు ఆరేళ్ళ తరువాత, 2010లో, తొమ్మిదవ ఎంపికగా పండి యూటాకు గోర్డన్ హేవర్డ్‌ను తెచ్చిపెట్టింది.) ఇలా ఖాళీ అయిన స్థలంతో ఆ వేసవిలో సన్స్ డల్లాస్ నుండి స్టీవ్ నాష్‌ను తెచ్చుకొంది. 2003-04లో 29 ఆటలు మాత్రమే గెలిచిన జట్టు 2004-05లో 62 గెలిచింది. నాష్ 2005, 2006 సంవత్సరాలలో లీగు అత్యుత్తమ ఆటగాడిగా ఎంపికయ్యాడు. శాలరీ డంప్ ఇంత త్వరగా, ఇంత బాగా ఫలించిన సందర్భాలు అరుదు.

2004లోనే జట్టు యాజమాన్యం రాబర్ట్ సార్వర్ నాయకత్వంలోని బృందానికి మారింది. కొన్న ధర 40 కోట్ల డాలర్లకు పైమాటే. అటుపిమ్మట జట్టు బలపడేకొద్దీ ఖర్చును అదుపుచేసే ప్రయత్నాలూ పెరిగాయి. 2004 డ్రాఫ్టులో ఏడవ ఎంపికగా వచ్చిన లువాల్ డెంగ్‌ను షికాగోకు ఇచ్చివేశారు. 2006లో 21వ ఎంపికతో రాజన్ రాండోను తీసుకొని, అతనితో బ్రయన్ గ్రాంట్ భారీ ఒప్పందాన్ని జతచేసి బోస్టన్‌కు పంపారు. ప్రతిగా వచ్చినది మరుసటి ఏటి మొదటి రౌండు ఎంపిక, కొంత నగదు. 2007లో ఆ ఎంపికతో రూడీ ఫెర్నాండెజ్‌ను తీసుకొని, జేమ్స్ జోన్స్‌తోపాటు పోర్ట్‌లాండ్‌కు నగదుకు ఇచ్చారు. రాండో 2008లో బోస్టన్ ఛాంపియన్‌షిప్ గెలిచినపుడు ఆ జట్టు ప్రధాన ఐదుగురిలో ఒకడు.

వీటన్నిటికన్నా ఎక్కువ చర్చకు వచ్చినది 2007 జులైలో జరిగిన కర్ట్ థామస్ మార్పిడి. థామస్ జీతం సుమారు 80 లక్షల డాలర్లు. పన్నుతో కలిపితే యజమానికి దాదాపు రెట్టింపు. అతణ్ణి వదిలించుకోవడానికి సన్స్ జట్టు 2008, 2010 మొదటి రౌండు ఎంపికలు రెండింటినీ సియాటిల్ సూపర్‌సోనిక్స్‌కు సమర్పించింది. ప్రతిగా వచ్చిన ఆటగాడు ఎవరూ లేరు, షరతులతో కూడిన ఒక రెండవ రౌండు ఎంపిక తప్ప. సియాటిల్ జనరల్ మేనేజరు సామ్ ప్రెస్టీ 2008 ఫిబ్రవరిలో అదే థామస్‌ను శాన్ ఆంటోనియో స్పర్స్‌కు ఇచ్చి మరొక మొదటి రౌండు ఎంపిక సంపాదించాడు. ఆ వసంతంలో ప్లే ఆఫ్ మొదటి రౌండులో ఫీనిక్స్‌కు ఎదురుపడినది స్పర్స్ జట్టే. స్పర్స్ 4-1తో గెలిచింది. టిమ్ డంకన్ వంటివారిని అడ్డుకోవడానికి పనికివచ్చే థామస్ ఎదుటిపక్షంలో ఉన్నాడు.

కథ అక్కడితో ఆగలేదు. సియాటిల్ జట్టు 2008లో ఓక్లహోమా సిటీకి తరలి థండర్‌గా మారింది. ఫీనిక్స్ ఇచ్చిన 2008 ఎంపికతో ఆ జట్టు 24వ స్థానంలో సెర్జ్ ఇబాకాను తీసుకొంది. ఇబాకా 2012లో జట్టు ఫైనల్సుకు చేరినపుడు ముఖ్య రక్షకుడు. 2016లో అతణ్ణి ఇచ్చి విక్టర్ ఒలాడిపో, డొమాంటాస్ సబోనిస్ తదితరులను, 2017లో ఆ ఇద్దరినీ ఇచ్చి పాల్ జార్జ్‌ను, 2019లో జార్జ్‌ను క్లిప్పర్స్‌కు ఇచ్చి షాయ్ గిల్జియస్ అలెగ్జాండర్‌ను, దానితోపాటు పలు ఎంపికలను థండర్ పొందింది. ఆ ఎంపికలలో ఒకటి 2022లో జేలెన్ విలియమ్స్ అయింది. 2025లో ఓక్లహోమా సిటీ ఛాంపియన్‌షిప్ గెలవగా, ఫైనల్సు అత్యుత్తమ ఆటగాడు గిల్జియస్ అలెగ్జాండర్. మధ్యలోని ప్రతి బేరానికీ ప్రెస్టీ నేర్పు అవసరమయింది గనుక దీనినంతా ఫీనిక్స్ నష్టంగా లెక్కించడం న్యాయం కాదు. కాని గొలుసు మొదటి కడియం మాత్రం ఒక ఏడాది పన్ను ఆదా చేసుకోవాలన్న కోరికే. నాష్ ఉన్నంతకాలం ఫీనిక్స్ ఒక్కసారి కూడా ఫైనల్సుకు చేరలేదు.

గురితప్పిన బేరాలు

డబ్బు ఆదా అయ్యేది ఇప్పుడు, ఎంపిక హక్కు విలువ తెలిసేది తరువాత. ఈ వ్యవధిలోనే ప్రమాదం దాగి ఉంటుంది. 2011 ఫిబ్రవరిలో లాస్ ఏంజెలెస్ క్లిప్పర్స్ బారన్ డేవిస్‌ను క్లీవ్‌లాండ్ కవలియర్స్‌కు పంపి మో విలియమ్స్‌ను, జమారియో మూన్‌ను తీసుకొంది. 2008లో ఐదేళ్ళకు 6.5 కోట్ల డాలర్లకు కుదిరిన డేవిస్ ఒప్పందంలో ఇంకా రెండు సీజన్లు మిగిలి ఉన్నాయి. క్లీవ్‌లాండ్‌ను ఒప్పించడానికి క్లిప్పర్స్ తన 2011 మొదటి రౌండు ఎంపికను ఏ రక్షణ షరతూ లేకుండా ఇచ్చింది. సాధారణంగా "మొదటి మూడు స్థానాలలో వస్తే మాదే" వంటి షరతు పెడతారు. ఆ ఎంపిక లాటరీలో మొదటి స్థానం పొందే అవకాశం 2.8 శాతం మాత్రమే. మే నెల లాటరీలో అదే జరిగింది. క్లీవ్‌లాండ్ ఆ ఎంపికతో కైరీ ఇర్వింగ్‌ను తీసుకొంది; 2016 ఫైనల్సు ఏడవ ఆట చివరి నిమిషంలో క్లీవ్‌లాండ్‌ను ముందుకు తెచ్చిన మూడు పాయింట్ల బుట్ట అతనిదే. డేవిస్‌ను మాత్రం క్లీవ్‌లాండ్ 2011 డిసెంబరులోనే విడుదల చేసింది.

శాక్రమెంటో కింగ్స్ ఉదంతం ఇంతకన్నా మెలికలు తిరిగినది. 2013లో ఈ జట్టును కొన్న బృందానికి నాయకుడు ముంబైలో పుట్టిన వివేక్ రణదివే. 2015 జులైలో కింగ్స్ జట్టు నిక్ స్టౌస్కస్, కార్ల్ లాండ్రీ, జేసన్ థాంప్సన్‌లను ఫిలడెల్ఫియాకు ఇచ్చి, ఒక మొదటి రౌండు ఎంపికను, మరి రెండు సంవత్సరాలలో ఎంపికలను తారుమారు చేసుకొనే హక్కును కూడా జోడించింది. తిరిగి వచ్చినవి ఇద్దరు ఐరోపా ఆటగాళ్ళపై హక్కులు. వారెవరూ శాక్రమెంటోకు ఆడలేదు. ఖాళీ అయిన స్థలంతో రాజన్ రాండో, మార్కో బెలినెల్లి, కోస్టా కూఫోస్‌లను తెచ్చుకొన్నారు. రాండో ఒక్క ఏడాది ఆడి వెళ్ళిపోయాడు, జట్టు 33 ఆటలు మాత్రమే గెలిచింది. 2017 లాటరీలో శాక్రమెంటోకు మూడవ స్థానం, ఫిలడెల్ఫియాకు ఐదవ స్థానం రాగా, ఫిలడెల్ఫియా తన హక్కును వాడుకొని స్థానాలు మార్చుకొంది. ఆపై ఆ మూడవ ఎంపికను బోస్టన్‌కు ఇచ్చింది, బోస్టన్ దానితో జేసన్ టేటమ్‌ను ఎంచుకొంది.

ఫలించిన బేరాలు

2013 జులైలో గోల్డెన్ స్టేట్ వారియర్స్ జట్టు రిచర్డ్ జెఫర్సన్, ఆండ్రిస్ బియెడ్రిన్స్, బ్రాండన్ రష్‌లను యూటాకు పంపింది. ముగ్గురి జీతాలు కలిపి 2.4 కోట్ల డాలర్లు. వెంట 2014, 2017 మొదటి రౌండు ఎంపికలు రెండూ ఇచ్చింది. అలా దొరికిన స్థలంలో ఆండ్రీ ఇగొడాలాను చేర్చుకొంది. 2015లో వారియర్స్ ఛాంపియన్‌షిప్ గెలిచినపుడు ఫైనల్సు అత్యుత్తమ ఆటగాడు ఇగొడాలాయే. ఇచ్చిన ఎంపికలు 23వ, 30వ స్థానాలలో పడ్డాయి. గెలిచే జట్టు ఎంపికలు చివరి స్థానాలకు జారిపోతాయి గనుక, బేరం ఫలిస్తే దాని ధర కూడా తనంతట తానే తగ్గుతుంది. క్లిప్పర్స్, కింగ్స్‌ల విషయంలో జరిగినది దీనికి సరిగ్గా తలకిందులు.

లేకర్స్ 2017 జూన్‌లో మోజ్‌గోవ్ ఒప్పందాన్ని బ్రూక్లిన్ నెట్స్‌కు వదిలించుకోవడానికి, రెండేళ్ళ క్రితమే డ్రాఫ్టులో రెండవ స్థానంలో ఎంచుకొన్న డి'ఏంజెలో రసెల్‌ను త్యాగం చేసింది. ప్రతిగా బ్రూక్ లోపెజ్, 27వ ఎంపిక వచ్చాయి. మరుసటి వేసవిలో లెబ్రాన్ జేమ్స్ వచ్చాడు, 2020లో ఛాంపియన్‌షిప్ వచ్చింది. ఇక్కడ బ్రూక్లిన్ కూడా నష్టపోలేదు, రసెల్ 2019లో ఆల్‌స్టార్ ఆటకు ఎంపికయ్యాడు.

డెన్వర్ నగెట్స్ 2008 జులైలో, అంతకు ముందటేడే లీగు ఉత్తమ రక్షకుడిగా ఎంపికైన మార్కస్ కాంబీని క్లిప్పర్స్‌కు ఇచ్చి, రెండవ రౌండు ఎంపికలు మార్చుకొనే హక్కు మాత్రమే పుచ్చుకొన్నపుడు అభిమానులు మండిపడ్డారు. కాని ఆ సీజనులోనే చాన్సీ బిలప్స్ రాకతో జట్టు పశ్చిమ విభాగం ఫైనల్సుకు చేరింది. కాంబీ మార్పిడి వల్ల జట్టు బాగుపడిందనడం కన్నా, అది ఉన్నప్పటికీ బాగుపడిందనడం సబబు.

భారం తలకెత్తుకొనే జట్లు

ఇతరుల గుదిబండలను ఎవరైనా ఎందుకు స్వీకరిస్తారన్న ప్రశ్న సహజం. గెలిచే ఆశలేని జట్టుకు ఆ ఏడాది వేతన పరిమితిలోని ఖాళీ వృథా. దానిని అద్దెకిచ్చినట్లుగా వాడి ఎంపికలు కూడబెట్టుకోవచ్చు. పైగా కనీస వేతనాల నిబంధన కూడా ఉంది. 2013-14 నుండి ప్రతిజట్టూ పరిమితిలో 90 శాతం వరకైనా ఖర్చు చేయాలి. ఎలాగూ ఖర్చు చేయవలసిన డబ్బుతో భవిష్యత్తు కొనుక్కోవడం తెలివైన పనే. ఫిలడెల్ఫియాలో సామ్ హింకీ, ఓక్లహోమా సిటీలో ప్రెస్టీ ఈ విధానంలో ప్రసిద్ధులు. అయితే హింకీ కాలంలో ఫిలడెల్ఫియా 2015-16 సీజనులో 82 ఆటలలో 10 మాత్రమే గెలిచిందన్నది మరువరాదు. టిక్కెట్టు కొన్న ప్రేక్షకుడికి భవిష్యత్తు ఎంపికలు కనిపించవు.

ఇచ్చేవారికీ ఒక అదుపు ఉంది. వరుస సంవత్సరాల మొదటి రౌండు ఎంపికలన్నీ ఇచ్చివేసి జట్టును ఖాళీ చేయకుండా స్టెపియన్ నియమం అడ్డుకొంటుంది. 1980ల తొలి సంవత్సరాలలో క్లీవ్‌లాండ్ యజమానిగా ఎంపికలను విచ్చలవిడిగా పంచిపెట్టిన టెడ్ స్టెపియన్ పేరే దానికి వచ్చింది.

ఆటగాళ్ళ స్థితి

మార్పిడిని నిరాకరించే హక్కు అతికొద్దిమందికే ఉంటుంది. దానిని ఒప్పందంలో రాయించుకోవాలంటే లీగులో ఎనిమిదేళ్ళు, అదే జట్టులో నాలుగేళ్ళు ఆడి ఉండాలి. మిగిలినవారు చెప్పిన ఊరికి వెళ్ళవలసిందే. జీతం తగ్గదు గాని, "వదిలించుకొన్న" ఆటగాడన్న పేరు వెంటవస్తుంది. ఈ పేరు తరచుగా అన్యాయమైనది. టైసన్ చాండ్లర్‌ను న్యూ ఆర్లియన్స్ హార్నెట్స్ 2009 ఫిబ్రవరిలో ఓక్లహోమా సిటీకి ఇవ్వగా, కాలి బొటనవేలు గాయం దృష్ట్యా అక్కడి వైద్యులు అభ్యంతరపెట్టడంతో మరుసటి రోజే వెనక్కు వచ్చాడు. రెండేళ్ళ తరువాత 2011లో అతడు డల్లాస్ ఛాంపియన్ జట్టు మధ్యస్తంభం, 2012లో లీగు ఉత్తమ రక్షకుడు.

జాక్ రాండాల్ఫ్ కథ ఇంకా చెప్పుకోదగినది. ఏడాదికి 1.6 కోట్ల డాలర్లకు అటూ ఇటూగా ఉన్న అతని ఒప్పందాన్ని 2008 నవంబరులో న్యూయార్క్, 2009 జులైలో క్లిప్పర్స్ ఒకదాని వెంట ఒకటి వదిలించుకొన్నాయి. న్యూయార్క్ 2010 వేసవిలో లెబ్రాన్ జేమ్స్ కోసం స్థలం ఖాళీ చేసుకొనే ప్రయత్నంలో ఉంది. జేమ్స్ మయామీకి వెళ్ళాడు. రాండాల్ఫ్ మెంఫిస్‌లో స్థిరపడి 2010లోనే ఆల్‌స్టార్ అయ్యాడు, 2013లో జట్టును పశ్చిమ విభాగం ఫైనల్సుకు చేర్చినవారిలో ఒకడయ్యాడు. 2021 డిసెంబరులో మెంఫిస్ గ్రిజ్లీస్ అతని 50వ నంబరు చొక్కాను మరెవరికీ ఇవ్వకుండా గౌరవించింది.

2023 ఒడంబడిక తరువాత

2023 ఒడంబడికలో పన్ను గీతకు పైన ఏప్రన్ అనే హద్దులను కఠినతరం చేశారు. 2025-26లో పన్ను గీత 18.79 కోట్లు, రెండవ ఏప్రన్ 20.78 కోట్ల డాలర్లు. రెండవ హద్దు దాటిన జట్టు ఇద్దరు ముగ్గురి జీతాలను కలిపి ఒక పెద్ద ఆటగాణ్ణి తెచ్చుకోరాదు, మార్పిడిలో నగదు పంపరాదు, పంపినదానికన్నా ఒక్క డాలరు ఎక్కువ జీతం తీసుకోరాదు. ఇంతకుముందు పన్ను కట్టగలిగిన ధనిక యజమానికి బాధ ఉండేది కాదు. ఇప్పుడు డబ్బున్నా జట్టును మార్చుకొనే దారులే మూసుకుపోతున్నాయి. అందువలన శాలరీ డంప్ చిన్న నగరాల జట్ల పని అన్న పాత అభిప్రాయం చెల్లదు.

బోస్టన్ సెల్టిక్స్ దీనికి తగిన ఉదాహరణ. 2024లో ఛాంపియన్ అయిన ఈ జట్టుకు 2025-26లో వేతనాలు, పన్ను కలిపి 50 కోట్ల డాలర్ల దాకా ఖర్చు కాగలదని అంచనా వేశారు. 2025 మే నెలలో టేటమ్ మడమ స్నాయువు తెగి ఆటకు దూరమయ్యాడు. ఆ వేసవిలో బోస్టన్ జట్టు, మూడేళ్ళకు 10 కోట్ల డాలర్లకు పైగా రావలసిన జ్రూ హాలిడేను పోర్ట్‌లాండ్‌కు ఇచ్చి, ఒక్క ఏడాది ఒప్పందం మిగిలిన ఆన్ఫెర్నీ సైమన్స్‌ను తీసుకొంది. క్రిస్టాప్స్ పోర్జింగిస్‌ను అట్లాంటాకు పంపి తక్కువ జీతమున్న జార్జెస్ నియాంగ్‌ను తెచ్చి, అతణ్ణి కూడా యూటాకు పంపివేసింది. హాలిడే, పోర్జింగిస్ ఇద్దరూ 2024 విజేత జట్టులో ఆడినవారే.